పికప్స్ మార్చిన గిటార్ అమ్మాలా? ముందు ఆ పాత డబ్బా తెరువు

ప్రశ్న: అన్నా, నా దగ్గర ఏడేళ్ల నాటి స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్స్ మూడు: బ్రిడ్జ్ దగ్గర రెండు కాయిల్స్ ఉన్న హంబకర్, మిగతా రెండూ ఒక్కో కాయిల్ ఉన్న సింగిల్ కాయిల్స్. మూడేళ్ల కింద మూడు పికప్సూ మార్చేశాను. బ్రిడ్జ్‌లో సీమోర్ డంకన్ కంపెనీ జేబీ మోడల్, మిగతా రెండూ కూడా మంచి కంపెనీవే. ఒక టోన్ నాబ్ కింద పుష్-పుల్ పాట్ (లాగితే స్విచ్‌లా పనిచేసే కంట్రోల్) పెట్టాను, పైకి లాగితే కాయిల్ స్ప్లిట్ అవుతుంది, అంటే హంబకర్‌లో ఒక్క కాయిలే మోగుతుంది. సోల్డరింగ్ అంతా నేనే చేశాను. ఇప్పుడు అమ్ముదామంటే ఒకాయన వచ్చి చూసి "పికప్స్‌కి నేను విడిగా డబ్బులివ్వను, మామూలు గిటార్ రేటే ఇస్తా" అంటున్నాడు. నా ఫ్రెండేమో పెట్టిన ఖర్చంతా కలిపి చెప్పమంటున్నాడు. వాల్యూమ్ నాబ్ తిప్పితే కొంచెం గరగర వస్తుంది, అది చెప్పాలా వద్దా? పాత పికప్స్ ఒక డబ్బాలో ఉన్నాయి. ఎలా అమ్మమంటావు?

సమాధానం: తమ్ముడూ, చేదు మాట ముందే చెప్పేస్తాను. వచ్చినాయన అన్నది నిజమే, నీ ఫ్రెండ్ లెక్కే తప్పు. పికప్స్‌కి పెట్టిన డబ్బు గిటార్ ధరలో కలిసి తిరిగి రాదు. నాకు రాలేదు, నాకు తెలిసినవాళ్లెవరికీ వచ్చినట్టు వినలేదు. అయితే ఆయన మాట నిజమైనంత మాత్రాన ఆయన అడిగిన రేటుకి అన్నీ కలిపి ఇచ్చేయక్కర్లేదు. ఎందుకంటే నీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యాన్ని నువ్వు మాటవరసకి చివర్లో పడేశావు: పాత పికప్స్ డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా ఉన్నంతవరకూ బేరం నీ చేతిలోనే ఉంది.

ఒకసారి కొనేవాడి వైపు నుంచి చూడు. అతను వెతికేది ఫలానా మోడల్ గిటార్. అదే మోడల్ ఇంకో నలుగురు అమ్ముతుంటారు, నీ ధరని వాటి పక్కన పెట్టి చూస్తాడు. నీ పికప్స్ పేరు అతనికి తెలియకపోవచ్చు, తెలిసినా నచ్చకపోవచ్చు. జేబీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నారు, ఆ పై స్వరాల పదును చెవిలో గుచ్చుకుంటుందని పీకేసేవాళ్లూ ఉన్నారు. పైగా "ఎవరో లోపల చెయ్యి పెట్టారు" అనగానే ఒక అనుమానం మొదలవుతుంది: సోల్డర్ సరిగ్గా పట్టిందా, ఇంకేం కెలికారు, ఎందుకు అమ్ముతున్నారు? నువ్వు అప్‌గ్రేడ్ అనుకున్నది అతనికి రిస్క్‌లా కనిపిస్తుంది.

పాతకాలపు గిటార్లలో ఇది మరీ ఎక్కువ. 1957లో గిబ్సన్ లెస్ పాల్ గిటార్లలోకి సెత్ లవర్ రూపొందించిన హంబకర్లు వచ్చాయి. వెనక చిన్న స్టిక్కర్ మీద పేటెంట్ అప్లైడ్ ఫర్ అని ఉండేది కాబట్టి వాటిని పీఏఎఫ్ అంటారు. అలాంటి గిటార్‌లో పికప్స్ మారిస్తే సరే, ఊరికే విప్పి మళ్లీ సోల్డర్ చేసినా కొనేవాళ్లు ముఖం చిట్లిస్తారు. నీ గిటార్ ఆ కోవలోది కాదు, ఎవరూ దాన్ని అద్దాల బీరువాలో పెట్టరు. కానీ "ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది" అన్న మాటకున్న బలం చిన్న గిటార్లకి కూడా ఎంతో కొంత వర్తిస్తుంది.

ఇక అసలు సలహా. పాత పికప్స్ తిరిగి పెట్టి గిటార్‌ని గిటార్‌గా అమ్ము, కొత్త పికప్స్‌ని విడిగా అమ్ము. పికప్‌లో అరిగిపోయే భాగమంటూ ఏదీ లేదు, అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ, అంతే. అందుకే పేరున్న పికప్స్‌కి సెకండ్ హ్యాండ్‌లో కూడా గిరాకీ ఉంటుంది. వాటిని కొనేవాడు మోడల్ పేరు పెట్టి వెతుక్కుంటూ వస్తాడు, విలువ తెలిసినవాడు. గిటార్ కొనేవాడు వేరే మనిషి. ఈ ఇద్దరినీ ఒకే మనిషిలో వెతకడం వల్లే నీకు ఇంత టెన్షన్.

ఇప్పుడు ఆ వచ్చినాయన సంగతి. ఆయన నిజంగానే పికప్స్ అక్కర్లేనివాడా, లేక ఊరికే వస్తాయని చూస్తున్నాడా? తేల్చుకోవడం చాలా తేలిక. ఫోన్ చేసి, "సరే, మీరన్న రేటుకే ఇస్తాను, ఒరిజినల్ పికప్స్ పెట్టి ఇస్తాను. ఇప్పుడున్నవే కావాలంటే ఇంత ఎక్కువ అవుతుంది" అని రెండు ధరలు చెప్పు. చెప్పి ఊరుకో. నిజంగా అక్కర్లేనివాడైతే వెంటనే సరే అంటాడు. "అబ్బే, ఉన్నవి ఉండనివ్వండి, మళ్లీ విప్పడం ఎందుకు శ్రమ" అని నీ శ్రమ గురించి బాధపడడం మొదలుపెట్టాడా, పికప్స్ విలువ ఆయనకి నీకంటే బాగా తెలుసు. అప్పుడు ఆ తేడాలో సగానికో ముప్పావుకో దిగి ఇచ్చెయ్. అప్పుడు నీకు విప్పే పని తప్పుతుంది, ఆయనకి కావాల్సింది దొరుకుతుంది. నా దృష్టిలో నీకు జరగగలిగే వాటిలో ఇదే మంచిది.

విప్పే ముందు ఒక పని చెయ్యి, ఆ డబ్బాలోవి బతికున్నాయో లేదో చూడు. మల్టీమీటర్‌ని 20 కిలోఓమ్స్ దగ్గర పెట్టి పికప్ రెండు వైర్ల మధ్య కొలువు. స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్ అయితే మామూలుగా 5.5 నుంచి 7 వరకూ చూపిస్తుంది, మామూలు హంబకర్ 7 నుంచి 9, జేబీ లాంటి బలమైనది 16 దాటుతుంది. అంకెలు అటూఇటూ అయినా కంగారు పడకు. కానీ మీటర్ ఏమీ చూపించకుండా ఓపెన్ అని వస్తే ఎక్కడో తీగ తెగిందన్నమాట, అది ఉన్నది ఉన్నట్టు పనికిరాదు. సున్నా దగ్గర ఆగితే ఎక్కడో షార్ట్ ఉంది.

ఇప్పుడు గిటార్‌లో ఉన్న కొత్తవాటిని కూడా విప్పకుండానే కొలవొచ్చు. కేబుల్ ఒక కొస జాక్‌లో పెట్టు, రెండో కొస ప్లగ్ మొన మీద ఒక ప్రోబ్, దాని వెనక గొట్టం లాంటి భాగం మీద ఇంకో ప్రోబ్ ఆనించు, వాల్యూమ్ మొత్తం తెరువు, స్విచ్‌ని బ్రిడ్జ్ మీద పెట్టు. పుష్-పుల్ లోపలికి నొక్కే ఉండాలి, లేకపోతే ఒక్క కాయిలే కొలిచి సగం అంకె చూసి భయపడతావు. ఇలా కొలిస్తే అంకె కొంచెం తక్కువ వస్తుంది, ఎందుకంటే వాల్యూమ్ పాట్ పికప్‌కి సమాంతరంగా ఉంటుంది. 16.4 ఉన్న పికప్, 500 కిలోఓమ్స్ పాట్ పక్కన 15.9 దగ్గర కనిపిస్తుంది, 250 పాట్ అయితే 15.4. టోన్ పాట్ సంగతి పట్టించుకోనక్కర్లేదు, దారిలో కెపాసిటర్ ఉంది కాబట్టి మీటర్ కరెంట్ అటు పోదు. ఇంకోటి, రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, 10 డిగ్రీల తేడాకి దాదాపు 4 శాతం. సోల్డరింగ్ అవగానే కొలిచి "అరే, స్పెక్ కంటే ఎక్కువుందే, డూప్లికేటా?" అని ఒకసారి నేను గంటసేపు తల పట్టుకున్నాను, చల్లారాక చూస్తే సరిగ్గా ఉంది. ఆ అంకెల ఫోటో తీసి పెట్టుకో, పికప్స్ కొనేవాడికి నువ్వు చెప్పే వెయ్యి మాటల కంటే ఆ ఫోటో ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

విప్పేటప్పుడు. గిటార్ తీగలు తీసేసి, పికప్స్ బిగించి ఉన్న పలక, అంటే పిక్‌గార్డ్ స్క్రూలు విప్పితే (స్ట్రాట్ తరహా వాటికి ఇప్పుడు మామూలుగా 11 ఉంటాయి) మొత్తం వైరింగ్ ఒక పళ్లెంలా పైకి వస్తుంది. ముందు ఫోటో తియ్యి, రెండు మూడు వైపుల నుంచి. బాడీ మీద దళసరి గుడ్డ కప్పు, ఎందుకంటే ఒక్క సోల్డర్ చుక్క పడితే పెయింట్ మీద జీవితాంతం ఉండే మచ్చ, అది నీ పికప్స్ కంటే ఎక్కువ ధర తగ్గిస్తుంది. పాట్ వెనక ఎక్కువసేపు ఆనించి ఉంచకు, సోల్డరింగ్ ఐరన్ బాగా వేడిగా ఉండాలి, పని త్వరగా అయిపోవాలి. తక్కువ వేడితో ఎక్కువసేపు పెడితేనే పాట్ లోపల మాడుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త పికప్స్ వైర్లని కత్తిరించొద్దు. సోల్డర్ కరిగించి వైర్‌ని పూర్తి పొడవుతో బయటికి తియ్యి. ఈ పాఠం నేను నేర్చుకున్న తీరు చెప్తాను. ఒకసారి బద్ధకించి కటింగ్ ప్లయర్‌తో టపటపా కత్తిరించి అమ్మేశాను. కొన్నాయన గిటార్‌లో కంట్రోల్స్ దూరంగా ఉన్నాయట, వైర్ రెండు అంగుళాలు తక్కువైంది. అతుకు వేసుకోవాల్సి వచ్చిందని ఫోన్‌లో ఆయన తిట్టలేదు గానీ, తిట్టినా బాగుండేదనిపించేంత మర్యాదగా మాట్లాడాడు. సగం డబ్బు తిరిగి ఇచ్చాను.

సింగిల్ కాయిల్స్‌తో జాగ్రత్త. స్ట్రాట్ తరహా పాత పద్ధతి పికప్‌లో పైకి కనిపించే ఆరు గుండ్రటి ముక్కలు మామూలు ఇనుము కాదు, అవే అయస్కాంతాలు, చాలావాటిలో తీగని నేరుగా వాటిమీదే చుడతారు. వాటిని వేలితో లోపలికి నొక్కితే కదిలి లోపల తీగ తెగిపోతుంది. ప్లాస్టిక్ కవర్ బిగుతుగా ఉందని స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోతే మొన జారి కాయిల్‌కే గీసుకుంటుంది. కవర్ ఉంచే అమ్ము, పాత కవర్లే పాత పికప్స్‌కి ఉండనివ్వు.

నాలుగు వైర్ల హంబకర్‌కి రంగుల గొడవ ఒకటుంది, కంపెనీని బట్టి రంగులు మారతాయి. సీమోర్ డంకన్‌లో మామూలుగా నలుపు సిగ్నల్, ఆకుపచ్చా దానితోపాటు వచ్చే తొడుగు లేని వైరూ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ కలిపి అతికేస్తారు. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపూ తెలుపూ కలుస్తాయి. ఒక కంపెనీ బొమ్మ చూసి ఇంకో కంపెనీ పికప్ కలిపితే ఏమవుతుందంటే పగలడం కాలడం ఏమీ ఉండదు, ఆ పికప్ ఒక్కటే వాయించినా సౌండ్ బలం లేకుండా సన్నగా వస్తుంది, దాని రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు తిరిగాయన్నమాట, లేదా ఒక్క కాయిలే మోగుతోందన్నమాట. అందుకే అమ్మే పికప్ వైర్‌కి చిన్న టేప్ చుట్టి దానిమీద కంపెనీ, మోడల్, నెక్‌దా బ్రిడ్జ్‌దా అని రాసి పెట్టు. నెక్ సింగిల్ కాయిల్, మిడిల్ సింగిల్ కాయిల్ చూడటానికి ఒకేలా ఉంటాయి, నెల తర్వాత నీకే గుర్తుండదు.

జేబీ అమ్మేటప్పుడు ఇంకో వివరం తప్పకుండా రాయి, స్పేసింగ్. మొదటి తీగ కింద పోల్ (పికప్ మీద కనిపించే గుండ్రటి ముక్క) నుంచి ఆరో తీగ కింద పోల్ వరకూ స్కేల్‌తో కొలువు. 49 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మామూలుది, 53 దగ్గర ఉంటే ట్రెమొలో బ్రిడ్జ్‌ల (కడ్డీతో ఊపి స్వరం వంచేవి) కోసం చేసినది. కొనేవాడు అడిగే మొదటి ప్రశ్నే అది, అడగకముందే చెప్తే నువ్వు తెలిసినవాడివని అర్థమవుతుంది.

నీ పుష్-పుల్ పాట్ సంగతి మర్చిపోయేలా ఉన్నాను. పాత హంబకర్‌కి ఎన్ని వైర్లున్నాయో చూడు. ఒక వైరూ దాని చుట్టూ అల్లిన కవచమూ మాత్రమే ఉంటే అది స్ప్లిట్ కాదు, నాబ్ లాగినా ఏమీ జరగదు. అలాంటప్పుడు పాత టోన్ పాట్ కూడా దాచి ఉంటే అదే పెట్టేయ్. లేకపోతే పుష్-పుల్ ఉంచి, "లాగినా పనిచెయ్యదు, కానీ నాలుగు వైర్ల పికప్ వేసుకుంటే వాడుకోవచ్చు" అని రాయి. రాయకపోతే ఇంటికెళ్లి నాబ్ లాగి చూసి నిన్ను మోసగాడంటాడు.

గరగర విషయం. చెప్పాలా వద్దా అని అడగడమెందుకు, బాగుచెయ్యి. చాలాసార్లు అది పాట్ లోపల చేరిన దుమ్మే. ఎలాగూ పిక్‌గార్డ్ లేపుతావు కదా, పాట్ పక్కనున్న చిన్న సందులోకి కాంటాక్ట్ క్లీనర్ ఒక్కసారి కొట్టి నాబ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి ఒక ఇరవైసార్లు తిప్పు. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే వాడకు, అది జిడ్డు మిగిల్చి ఇంకా దుమ్ము పట్టిస్తుంది. స్విచ్‌కీ అదే వైద్యం. జాక్ నట్ వదులైతే బిగించు, కానీ లోపల జాక్ తిరగకుండా పట్టుకుని బిగించు, లేకపోతే వైర్ మెలిపడి తెగుతుంది. క్లీనర్‌కీ పోకపోతే పాట్ మార్చు, చవకే. గిటార్ చేతికిచ్చాక ఎవడైనా మొదట తిప్పేది వాల్యూమ్ నాబే, యాంప్‌లోంచి ఆ గరగర వినపడగానే నీ ధర అక్కడికక్కడే దిగిపోతుంది.

అన్నీ మార్చమని అందరికీ చెప్పను. పాతవాటిలో ఒకటి చచ్చిపోయి ఉంటే, లేదా కొత్త పికప్ పట్టడానికి చెక్క తొలిచి ఉంటే, లేదా నువ్వు సోల్డరింగ్‌కి వేరేవాళ్లకి డబ్బివ్వాల్సి వచ్చి ఆ కూలి పికప్స్ మీద వచ్చేదాన్ని తినేస్తుంటే, ఉన్నది ఉన్నట్టే అమ్మెయ్. నువ్వే చేసుకోగలవు కాబట్టి నీకు మూడోది లేదు. ఉన్నట్టే అమ్మితే ఒక లాభముంది, ధర పెద్దగా పెరగకపోయినా అదే ధరకి ఉన్న నాలుగు గిటార్లలో నీది ముందు పోతుంది. తొందరగా డబ్బు కావాలంటే అదీ మంచి దారే. అప్పుడు పాత పికప్స్ డబ్బాని కూడా చేతిలో పెట్టు, "కావాలంటే మళ్లీ ఒరిజినల్ చేసుకోవచ్చు" అన్న ధైర్యం కొనేవాడికి వస్తుంది.

ధర ఎంత పెట్టాలో చెప్పమంటే, ఎవరెంత అడుగుతున్నారో చూడకు, ఎంతకి అమ్ముడుపోయిందో చూడు. అడిగే ధర ఎవడైనా అడుగుతాడు, నెలల తరబడి అమ్ముడుపోని గిటార్లని చూసి నీ ధర నిర్ణయించుకుంటే నీదీ వాటి పక్కనే కూర్చుంటుంది. బేరానికి కొంచెం జాగా ఉంచి, నీ మనసులో ఒక అంకె గీసుకో, దానికి కిందకి దిగొద్దు. "నాకు పికప్స్‌కే ఇంత అయింది" అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు. ఆ మాటలో అవతలివాడికి వినపడేది ఒక్కటే, నీ డబ్బు ఇరుక్కుపోయిందని.

ప్రకటనలో మోడల్ పేరు, సీరియల్ నంబర్‌ని బట్టి తెలిసే ఏడాది, ఫ్రెట్స్ ఎంత అరిగాయి, నెక్ నిటారుగా ఉందా, ఇవి ముందు. "ప్రొఫెషనల్‌గా మోడిఫై చేసినది" అని రాయకు, నువ్వు చేసుకున్నది నువ్వే చేశానని రాసి పిక్‌గార్డ్ వెనక సోల్డర్ ఫోటో పెట్టు. నీట్‌గా మెరిసే అతుకు కనిపిస్తే ఎవరు చేశారని ఎవరూ అడగరు. ఫ్రెట్స్ ఫోటో పక్క నుంచి వెలుతురు పడేలా తియ్యి, గుంటలుంటే కనపడనివ్వు. ఒక చిన్న రికార్డింగ్ కూడా పెట్టు, ఐదు స్థానాల్లోనూ క్లీన్ సౌండ్‌తో, తర్వాత కొంచెం డ్రైవ్‌తో. మొత్తం డిస్టార్షన్‌లో ముంచి వాయిస్తే ఏ గిటారైనా ఒకేలా వినపడుతుంది, ఏదో దాస్తున్నాడనీ అనుకుంటారు.

దూరం పంపాల్సి వస్తే తీగలు కాస్త వదులు చెయ్యి, హెడ్‌స్టాక్ కిందా చుట్టూ గట్టిగా మెత్తటిది కుక్కు, విరిగేది అక్కడే. దేశం దాటించేటట్టయితే ఒక్క విషయం: 2017 మొదట్లో రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా అంతర్జాతీయంగా సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) కాగితాల బెడద వచ్చింది, 2019 నవంబర్ చివర్లో తయారైన వాయిద్యాలకి సడలించారు, బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం 1992 నుంచీ ఉన్న కట్టడి అలాగే ఉంది. ఏడేళ్ల నాటి మామూలు గిటార్‌లో అది ఉండే అవకాశం దాదాపు లేదు, అయినా ఫింగర్‌బోర్డ్ ఏ చెక్కో చూసి పెట్టుకో.

ఇక ఆ ట్రెమొలో కడ్డీ ఎక్కడుందో ఇప్పుడే వెతుకు. అందరి ఇళ్లలోనూ అది ఏదో ఒక డ్రాయర్‌లో పోయే ఉంటుంది. కొనేవాడు వచ్చి కూర్చున్నాక గుర్తొస్తుంది, దుకాణంలో కొత్తది తెద్దామంటే థ్రెడ్ సైజు ఒక్కో గిటార్‌కి ఒక్కోలా ఉంటుంది, బలవంతంగా బిగిస్తే బ్రిడ్జ్ పాడవుతుంది. నాకైతే ఒకసారి అది పికప్స్ డబ్బాలోనే దొరికింది.